విగ్గు పెట్టని వేషం

శ్రీనన్నా,

నువ్వు పోయినప్పటి నుంచి నాటకం ఊసే ఎత్తని బాపు, నిన్న నాచారం కమ్యూనిటీ హాల్లో మళ్లీ వేషం కట్టాడు. ఆ పాత నాటకమే, ఆ పిచ్చోడి వేషమే. అప్పట్లో చింపిరి విగ్గు, చిరిగిన చొక్కాతో బాపు గంతులేస్తుంటే తను పనిచేసే కంపెనీ వాళ్లంతా పడీపడీ నవ్వేవారు. నువ్వు మాత్రం మధ్యలో లేచి బయటికి వెళ్లిపోయేవాడివి.

ఈసారి విగ్గు వద్దన్నాడు. రిహార్సల్లో డైరెక్టర్, "ఏంది మామా, గిట్ల కూసుంటే ఎవరు నవ్వుతరు?" అని అడిగాడట.

"నవ్వకుంటె పాయె. గది బీమారి, తమాషా గాదు," అన్నాడట బాపు.

నీ నీలం చొక్కా ఇస్త్రీ చేయించుకుని తొడుక్కున్నాడు. స్టేజీ మీద కుర్చీలో ఒదిగి కూర్చుని, చల్లారిపోయిన చాయ్‌ని నీలాగే ఊదుతూ ఉండిపోయాడు. ముందు వరసలో ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. అమ్మ నా చెయ్యి వదల్లేదు.

మనసు బాగాలేక నువ్వు దవాఖానాలో ఉన్నప్పుడు, అడిగిన వాళ్లందరికీ ఊరెళ్లావని చెప్పిన తండ్రి కదన్నా!

నాటకం అయ్యాక నటులు ఒక్కొక్కరే మైకు ముందుకొచ్చి పేర్లు చెప్పుకున్నారు. బాపు వంతు వచ్చింది. తన పేరు చెప్పలేదు.

"నేను శ్రీను బాపును," అన్నాడు.