నీ ఫొటో కింద రాసిన మాట

ప్రియమైన చిచ్చుబుడ్డికి,

వరద తగ్గేదాకా సిగ్నలంతా సాయం అడిగేవాళ్ళకే, సంస్థ ఫోన్లలో సొంత కబుర్లు వద్దన్నారు కదా. అందుకే ఈ ఉత్తరం మందుల లారీ డ్రైవర్ చేతికిస్తున్నాను. ఆయన దీన్ని మడిచి టోపీలో దాచుకున్నాడు. తడిస్తే నన్ను తిట్టకు.

నువ్వు నడుంలోతు నీళ్ళల్లో ముసలమ్మని వీపున మోసుకొస్తున్న ఫొటో మన సంస్థ పేజీలో పెట్టారు. ఒక్కరోజులో లక్షమందికి పైగా చూశారట. సాయం సందేశాలు చూసే మా గదిలో వాళ్ళంతా కుర్చీలు వదిలేసి దాని చుట్టూ మూగారు. మీ చెల్లెలా, మీ చెల్లెలా అని ఒకటే అడగడం. అవును, మా చెల్లెలే. కానీ ఆ ముసలమ్మ మనవరాలు పెట్టిన సందేశం చదివింది నేను. ఇంటి గుర్తులు అడిగి మ్యాపు మీద ఎర్ర చుక్క పెట్టింది నేను. పడవ ఏ సందులోంచి వెళ్ళాలో చెప్పింది నేను. నన్ను ఫొటో తీస్తే ఏముంటుంది? చల్లారిన టీ, దువ్వని తల.

నిజం చెప్పనా, నాకు కుళ్ళుగా ఉంది. చిన్నప్పుడు నేను అంట్లన్నీ తోమి చేతులు తుడుచుకునేలోపు, నువ్వు ఇంటికొచ్చినవాళ్ళకి గ్లాసుడు మంచినీళ్ళిచ్చి మంచిపేరు కొట్టేసేదానివి. ఇప్పుడూ అదే జరిగింది.

జ్వరం మాత్రలు వేరే సంచిలో పెట్టాను, దగ్గర ఉంచుకో.

నీ కుళ్ళుబోతు
అక్క

*

ప్రియమైన అక్కకి,

టోపీలో పెట్టినా ఉత్తరం సగం తడిసింది. కుళ్ళు అన్న మాట మాత్రం పొడిగానే ఉంది.

ఆ ఫొటో ఎవరు తీశారో నాకు తెలియదు. ముసలమ్మ దారి పొడుగునా నా నెత్తిన మొడుతూ, మెల్లగా నడవమని తిడుతూనే ఉంది. అది ఫొటోలో పడలేదు. ఇక్కడ నేను అందరికీ నీ సంగతే చెబుతున్నాను. మా అక్క అక్కడ కూర్చుంటే ఒక్క సందేశం కూడా జారిపోదని పందెం కూడా కాశాను.

రేపు అవతలి ఒడ్డున గోదాముల వైపు వెళ్తున్నాం. వేళకి తిను.

నీ చెల్లి

*

పేరు ప్రఖ్యాతులు గల చెల్లెమ్మ గారికి,

నాలుగు లారీలు తిరిగొచ్చాయి. నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. డ్రైవర్ని అడిగితే నువ్వు మూడు రోజులుగా కనబడలేదనీ, అవతలి ఒడ్డు శిబిరంలో ఆగిపోయావని అందరూ అనుకుంటున్నారనీ చెప్పాడు. విలేకరులంతా ఆ ఒడ్డునే ఉన్నారట కదా. అయితే ఇంకేం, అక్కలకి ఉత్తరాలు రాయడానికి తీరికెక్కడిది?

నీ ఫొటోని పెద్దగా అచ్చు వేయించి మా గోడకి అంటించారు, సరిగ్గా నా ఎదురుగా. నేను కుర్చీ తిప్పుకున్నాను. వరద తీశాక ఇక్కడ శాశ్వతంగా సహాయ కేంద్రం పెడతారట. దానికి పెద్దగా నిన్నుగానీ నన్నుగానీ వెయ్యాలని మా గదిని నడిపే మేడమ్ అనుకుంటోంది. ఆ కుర్చీ నాకు కావాలి, చెల్లీ. పన్నెండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. కానీ ఆ ఫొటో అక్కడుండగా నన్నెవరు చూస్తారు?

గోడకి వీపు పెట్టి కూర్చున్న
మీ అక్క

*

చెల్లీ,

ఎవరికీ చెప్పనిది నీకు రాస్తున్నాను.

పేజీలో పెట్టే ప్రతి ఫొటో కిందా జనం రాసినవి మేం వంతులేసుకుని చదువుతాం. వాటిలోనే ఎక్కడో ఒక సాయం కబురు ఉండొచ్చు కాబట్టి. ఒట్టి పొగడ్తల్ని ముందే ఒక ప్రోగ్రాం పక్కకి తీసేస్తుంది గానీ, అన్నిటినీ తీయలేదు. నీ ఫొటో నా వంతుకొచ్చింది. మొదటి రెండు వందలూ చదివాను. దేవత అని ఒకరు, ఇలాంటి కూతురు మాకు ఉంటేనా అని ఇంకొకరు. ఇంక నావల్ల కాలేదు. చదివాను అన్న గడిలో టిక్కు పెట్టి వెళ్ళిపోయాను. మర్నాడూ అంతే చేశాను.

నిన్న మేడమ్ పాత పోస్టులు తిరగేస్తుంటే, ఆ ఫొటో కింద ఒకటి కనబడింది. కుట్టుమిషను బొమ్మ ఉన్న ఎవరో దర్జీ ఖాతా. "గోదాం కప్పు మీద ఎనిమిది మందిమి ఉన్నాం. పడవ పాడైంది. ఒకావిడకి ఇన్సులిన్ అయిపోయింది. త్వరగా రండి." ఊరి పేరుతో సహా ఉంది. ఫోన్లు చేస్తే, అటుగా పోతున్న చేపల పడవ ఒకటి వాళ్ళని ఎప్పుడో దించేసిందని తెలిసింది. ఇరవై ఆరు గంటలు ఆ వానలోనే ఉన్నారట. ఇన్సులిన్ ఆవిడకి స్పృహ లేదట.

ప్రోగ్రాం దాన్ని పొగడ్త అనుకుని పక్కకి నెట్టేసిందని మేడమ్ అనుకుంటోంది. ప్రోగ్రాం రాసినతను తిండి మానేసి తప్పు కోసం వెతుకుతున్నాడు. తప్పు అతని పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది. ఇవాళ కేంద్రం బాధ్యత నాకే ఇస్తున్నట్టు చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను థాంక్స్ చెప్పాను.

ఆ ఎనిమిది మంది ఎవరో తెలిస్తే కాళ్ళ మీద పడేదాన్ని. నాకు సిగ్గుగా ఉంది, భయంగా ఉంది. ఏం చెయ్యమంటావు?

అక్క

*

అక్కా,

ఆ ఎనిమిది మందిలో నేనున్నాను.

పడవ ఇంజను చెడిపోయి గోదాం గోడకి కొట్టుకున్నాం, అందరం కప్పు మీదకి ఎక్కాం. నా ఫోన్ నీళ్ళపాలైంది. దర్జీ ఫోన్‌లో ఒక్క గీత సిగ్నల్ ఉంది. కాల్ వెళ్ళలేదు, సాయం ఫారం తెరుచుకోలేదు. పేజీలో అన్నిటికంటే పైన నా ఫొటో ఉంది. దాని కింద రాసింది నేనే. పేరు పెట్టేలోపు చార్జింగ్ అయిపోయింది. ఫరవాలేదులే అనుకున్నాను. ఎవరు చదవకపోయినా మా అక్క చదువుతుంది, నన్నెవరేం పొగిడారో చూసి పళ్ళు నూరుకుంటూ అయినా ఒక్క ముక్క వదలదు అనుకున్నాను. నీ కుళ్ళు మీద నాకంత నమ్మకం.

ఆ మాటే వాళ్ళందరికీ చెప్పాను. ఇన్సులిన్ ఆవిడ బడిలో లెక్కల టీచర్. వాన పెరిగినప్పుడల్లా, మీ అక్క చూసుంటుందా అని అడిగేది. చూసింది, పడవ వస్తోంది అన్నాను. అడిగిన ప్రతిసారీ అన్నాను.

అప్పట్నుంచీ ఆస్పత్రిలో ఆవిడ దగ్గరే ఉన్నాను. సిగ్నల్ లేక నా సందేశం నీకు చేరలేదనుకున్నాను. తెలిస్తే బాధపడతావని శిబిరంలో వాళ్ళని కూడా నోరు మెదపొద్దన్నాను. లారీ డ్రైవర్ నీ రెండు ఉత్తరాలూ ఇక్కడికే తెచ్చిచ్చాడు. ఇప్పుడు నాకు కోపంగా ఉంది. కాళ్ళ మీద పడతానన్నావే, అదేం వద్దు. ఈ ఉత్తరం అందిన రోజే ఆ ప్రోగ్రాం అతనికి నిజం చెప్పు. కుర్చీ సంగతి ఆ తర్వాత నువ్వూ మేడమూ తేల్చుకోండి.

టీచరుగారికి నిన్న స్పృహ వచ్చింది. ఇంకా లేచి కూర్చోలేదు. చేపల పడవని పంపింది నువ్వేనని నమ్ముతోంది. పొద్దున్నుంచీ ఒకటే అంటోంది, "మీ అక్కని ఒక్కసారి తీసుకురా, ఆవిడ చేతులు పట్టుకోవాలి" అని. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

రెండో అంతస్తు, పద్నాలుగో మంచం. నువ్వే వచ్చి చెప్పు.

నీ చెల్లి