అత్తయ్య మోకాలు

అత్తయ్యా,

నా నుంచి ఉత్తరం చూసి కంగారు పడకండి. ఇద్దరం ఆరోగ్యంగానే ఉన్నాం. ఫోన్ చేయొచ్చు కదా అంటారు. ఫోన్ చేస్తే మీరు దాన్ని కుట్టుమిషను మీద పెట్టి స్పీకర్ నొక్కుతారు, ఇక స్కూలు యూనిఫారాల కొలతలకి వచ్చిన తల్లులంతా మన ఇంటి సంగతులు వింటారు. ఇది వాళ్ళు వినకూడనిది. మధ్యాహ్నం షాపు మూసినప్పుడు, ఒక్కరే కూర్చుని చదవండి.

ముందు మనసులో ఉన్నది చెప్పేస్తాను, లేకపోతే మిగతాది రాయలేను. పోయినసారి మీరు మా ఇంటికి వచ్చినప్పుడు వంటింట్లో నిలబడి మీ చెల్లెలితో ఫోన్లో అన్నారు, దానికి ఉద్యోగం మీదున్న మోజు పిల్లల మీద లేదని. ఉతికిన బట్టలు పట్టుకుని నేను తలుపవతలే ఉన్నాను. మీకు తెలియదు కాబట్టి అన్నారు. కానీ ఆ బట్టలు మడతపెడుతూ ఎంత ఏడ్చానో మీ అబ్బాయిని అడగండి. పిల్లల కోసం మేమిద్దరం రెండేళ్ళుగా ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నాం. లోపం ఎవరిదని అడగొద్దు, డాక్టరమ్మే తేల్చలేకపోయింది. రోజూ నా పొట్టకి ఇంజెక్షన్ వేసేది మీ అబ్బాయే. అంతంత ఎత్తున వేలాడుతూ లిఫ్టులు బాగుచేసే మనిషికి సూది పట్టుకోవాలంటే భయం. కళ్ళు మాత్రం మూయకురా బాబూ అని నేనే ధైర్యం చెప్పాలి.

ఈ వైద్యంలో చిక్కేమిటంటే, రేపేమవుతుందో ఇవాళ తెలియదు. మందులకి అండాలు ఎంత పెరిగాయో స్కాన్‌లో చూసి, రేపు పొద్దున్నే రండి అంటారు. మా పాల ఫ్యాక్టరీలో సెలవు కావాలంటే వారం ముందు అడగాలి. ఆ రూలు నా ఒంటికి తెలియదు కదా.

నా పని మీకు తెలుసు, నాకు ముక్కమ్మ అని పేరు పెట్టిందే మీరు. పాల ట్యాంకర్ రాగానే మూత తీసి వాసన చూసి, లోపలికి పంపాలో వెనక్కి పంపాలో చెప్పాలి. మిషన్ల పరీక్షలన్నీ ఆ తర్వాతే. ఈ పనికి ఇద్దరమే ఉన్నాం. రెండో ఆయనకి సైనస్, సగం రోజులు తన తలనొప్పి వాసన తప్ప ఇంకేదీ తెలియదంటాడు. అందుకే మేనేజరు నన్ను కదలనివ్వడు. ఆయన బాధ ఆయనది.

పోయిన చలికాలంలో ఆ మందులు వాడుతుంటే నా ముక్కు మారిపోయింది. మంచినీళ్ళలో కూడా తుప్పు వాసన. ఒకరోజు ఓ ట్యాంకర్ మూత తీశాను, అదే వాసన. వెనక్కి పంపేయమన్నాను. ఇంకొక్కసారి చూడమ్మా అని డ్రైవరు బతిమాలాడు. చూశాను, మళ్ళీ అదే వచ్చింది. అవి మంచి పాలేనట అత్తయ్యా. అంత దూరం తిరిగి వెళ్ళేసరికి నిజంగానే విరిగిపోయాయట. మేనేజరు పిలిచి జలుబు చేసిందా అని అడిగాడు. జలుబే అన్నాను. ఇంకేం చెప్పను? వెంటనే జీతంతో సెలవు ఇచ్చి ఇంటికి పంపేశాడు, నేను అడక్కుండానే. ఆ సెలవులో నాకు ఆసుపత్రిలో పనే లేదు, గోడలు చూస్తూ కూర్చున్నాను. తిరిగి డ్యూటీకి వెళ్ళాక స్కాన్‌కి రమ్మని కబురొచ్చింది. మేనేజర్ని సెలవు అడిగితే, మొన్ననే కదమ్మా తీసుకున్నావు, ఇవాళ ట్యాంకర్లు బారులు తీరి ఉన్నాయి అన్నాడు. మర్నాడు వెళ్తే డాక్టరమ్మ తెర నా వైపు తిప్పి చూపించింది. అండాలు అప్పటికే విడుదలైపోయాయి, ఈ నెలకి ఇక చేసేదేం లేదంది.

ఆ తర్వాత సిగ్గు విడిచి హెచ్‌ఆర్ ఆవిడకి అంతా చెప్పాను. ఆవిడ మంచిదే, తలుపు వేసి కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. "ఇది జబ్బు కాదు కదమ్మా, మీరు కావాలని చేయించుకునేది. మీకిస్తే రేపు అందరూ అడుగుతారు" అంది. పుట్టాక ఆరునెలలు జీతంతో సెలవుంటుందని ధైర్యం కూడా చెప్పింది. పుట్టాక ఇస్తారట, పుట్టడానికి ఇవ్వరట. జీతం లేకుండా కావాలంటే వెళ్ళమంది, ఆ జీతంతోనే కదా మందులు కొనేది. ఇంట్లో పెద్దవాళ్ళకి ఆపరేషన్ అయితే మాత్రం మూడు వారాలు జీతంతో ఇస్తారట.

అందుకే అత్తయ్యా, మీ మోకాలు నాకు అప్పు కావాలి. మార్పించుకోమని మీ డాక్టరు ఎప్పటి నుంచో అంటున్నాడు కదా. మీరు చేయించుకోనక్కర్లేదు. ఆపరేషన్ అని ఓ కాగితం రాయించి పంపండి చాలు. అబద్ధమేనని తెలుసు. నాకు ఇంకో దారి కనిపించడం లేదు.

మీ కోడలు,
ముక్కమ్మ

*

ముక్కమ్మా,

నువ్వు చెప్పినట్టే షాపు మూసి చదివాను. మళ్ళీ తెరిచాక కుట్టిన నిక్కర్లన్నిటికీ జేబులు తలకిందులుగా వేశాను.

ఆ మాట నేనన్నదే. నోరు జారానని తప్పించుకోను, అప్పుడు అలాగే అనుకున్నాను. నువ్వు తలుపు తోసుకుని లోపలికి వచ్చి నన్ను నాలుగు దులిపినా బాగుండేది. బట్టలు మడతపెట్టుకుంటూ ఏడవడమేమిటే?

దొంగ కాగితం పంపను. అది బయటపడితే నీ ఉద్యోగానికే ఎసరు. నిజంగానే చేయించుకుంటాను, మీ ఆసుపత్రిలోనే. సూదంటే నాకెంత భయమో నీకు తెలుసు, రక్తపరీక్షకే కళ్ళు తిరిగి ఆ తీసే పిల్లాడి మీద పడ్డాను. అయినా వస్తాను. నీకు నెలసరి ఎప్పుడొస్తుందో చూసుకుని తేదీ చెప్పు, నా మోకాలు నీ వీలుని బట్టి నడుస్తుంది. రెండూ అరిగాయన్నాడు కానీ కుడిది ఒక్కటే చేయించుకుంటాను. ఎడమదాని మీద చచ్చినా చెయ్యి వేయనివ్వను, ఇప్పుడే చెబుతున్నా.

మీ ఆయనకి నువ్వేం చెప్పకు. వాడి సంగతి నేను చూసుకుంటాను.

అత్తయ్య

*

అత్తయ్యా,

మీరు క్షేమంగా చేరారని మీ పక్క మందులషాపు ఆయన ఫోన్ చేసి చెప్పాడు. మీరు చేయలేదంటే నా మీద కోపమొచ్చిందేమో అనుకున్నాను.

మిమ్మల్ని బస్సెక్కించిన రోజు పొద్దునే రక్తపరీక్ష ఫలితం వచ్చింది. కడుపు నిలవలేదు. రేపు చెబుతారట అని మీతో అబద్ధమాడాను. చేతికర్ర పట్టుకుని బస్సు మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతున్న మనిషికి ఆ మాట ఎలా చెప్పను?

ఆసుపత్రిలో కింద అంతస్తులో మీరు, పైన నా స్కాన్లు. నేను దిగి వచ్చేసరికి ఆ వ్యాయామం చేయించే అమ్మాయి మీ కాలు వంచుతుండేది. మీరు మంచం ఊచ పట్టుకుని పసిపిల్లలా ఏడ్చారు. ఇక ఈ జన్మలో ఇంకో మోకాలి జోలికి పోనని ఆ అమ్మాయి చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టారు. నన్ను చూడగానే కళ్ళు తుడుచుకుని, ఏమన్నారు, ఎంత పెరిగాయి అని అడిగారు. మా అమ్మ ఉన్నా అంతకంటే అడిగేది కాదు.

పిండం లోపల పెట్టిన రోజు గుర్తుందా? నన్ను కదలొద్దన్నారు, మీరు కదల్లేరు. ఇద్దరం ఒకే మంచం మీద పడుకుని, ఆ ఫ్యాను ఎవరు తగ్గించాలా అని మీ అబ్బాయి వచ్చేదాకా పోట్లాడుకున్నాం. నవ్వితే లోపలున్నది జారిపోతుందేమోనని పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వుకీ దానికీ సంబంధం లేదని డాక్టరమ్మ అంది. అయినా ఆ నవ్వే గుర్తొస్తోంది.

ఫ్యాక్టరీలో అందరూ మిమ్మల్ని అడుగుతున్నారు. మీ అత్తగారు నడుస్తున్నారా అని మేనేజరు రోజూ అడుగుతాడు. హెచ్‌ఆర్ ఆవిడ మీకోసం పళ్ళు కొనిచ్చింది. మోకాలు బాగుందండీ అని అందరికీ చెబుతున్నాను. నేనెలా ఉన్నానో ఎవరికీ చెప్పడానికి లేదు. నిన్న ట్యాంకర్ వెనక్కి వెళ్ళి కాసేపు నిలబడి, మొహం కడుక్కుని వచ్చాను.

ఇంకొక్కసారి ప్రయత్నించొచ్చంది డాక్టరమ్మ. మళ్ళీ మందులు, మళ్ళీ స్కాన్లు, అంతా మొదటి నుంచి. సెలవు ఎక్కడి నుంచి తేను? వదిలేద్దామని నిర్ణయించుకున్నాను. మీ మోకాలు వృథా చేశాను, నన్ను క్షమించండి.

మీ ముక్కమ్మ

*

ముక్కమ్మా,

నువ్వు చెప్పకముందే నాకు తెలుసు. బస్సు దగ్గర నా సంచి రెండుసార్లు సర్దావు గానీ నా మొహంలోకి చూడలేదు. బస్సు కదిలాక నాకు ఏడుపు ఆగలేదు. కాలు నొప్పెడుతోందనుకుని కండక్టరు నన్ను ముందు సీటుకి మార్చాడు. కాలే నాయనా అన్నాను. ఫోన్ చేస్తే మళ్ళీ ఏడుస్తానని చేయలేదు, కోపమూ లేదు పాడూ లేదు.

మోకాలు వృథా ఏమీ కాలేదు, మిషను చక్కగా తొక్కుతోంది. నీకు నిజంగా ఇక చాలు అనిపిస్తే వదిలెయ్. పిల్లల్ని కంటావని నిన్ను ఇంటికి తెచ్చుకోలేదు, మావాడికి నువ్వు నచ్చావు, తర్వాత నాకూ నచ్చావు. ఎవరైనా ఏమైనా అంటే నా దగ్గరికి పంపు. కానీ నువ్వు రాసింది ఇక చాలని కాదు, సెలవు లేదని. దానికి మాత్రం వదలకు.

మీ ఫ్యాక్టరీవాళ్ళతో వాదించేంత చదువు నాకు లేదు. వాళ్ళకి నీ బాధ అర్థం కాదు, నా మోకాలైతే అర్థమవుతుంది. ఎడమది ఇంకా అలాగే ఉంది. నిన్న డాక్టరుకి చూపించాను. ఎప్పుడంటే అప్పుడే మీ ఆసుపత్రికి రాసిస్తానన్నాడు. బయటికి వచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను. ఆ అమ్మాయి నా కాలు వంచడం ఇంకా కలలోకి వస్తోంది.

తేదీ నువ్వే చెప్పు. ఈసారి కూడా నిలవకపోతే ఏం చేయాలో నాకు తెలియడం లేదు, ముక్కమ్మా. నా దగ్గర మూడో మోకాలు లేదు.

అత్తయ్య