అత్త పళ్ళు

ఊరి నుంచి, ఆదివారం

ప్రియమైన చందనకి,

ఫోను ఉండగా ఈ కాగితం ఏమిటని ముఖం చిట్లించకు. మన ఇంట్లో ఫోను మాట్లాడితే గోడ అవతల అసిరయ్య ఇంట్లో పప్పు మాడిపోతుంది, అంత శ్రద్ధగా వింటారు. కాగితానికి ఆ బాధ లేదు. మన ఊళ్ళో మాట్లాడేది అందరూ తెలుగే, చదివింది మాత్రం అందరూ ఒడియా బళ్ళో. తెలుగు అక్షరాలు నాకు మా నాన్న నేర్పాడు, నేను నీకు నేర్పాను. మన వంకాయలు బరంపురం మార్కెట్టుకి చేరవేసే ఈశ్వర్ చేతికి ఇస్తున్నాను. దారిలో విప్పి చూసినా వాడికి జిలేబీల్లాగే కనిపిస్తాయి.

సంగతి ఏమిటంటే, మీ అప్పలనర్సమ్మ అత్తకి పంటినొప్పి. మంగళవారం ఈశ్వర్ వ్యానులోనే నీ గదికి వస్తుంది. బరంపురంలో మీ అంకులి వైపు మంచి పళ్ళ డాక్టరు ఎవరో కనుక్కుని తీసుకెళ్ళు. పైవరసలో ముందు పళ్ళన్నీ పీకించెయ్యాలి. అమావాస్య లోపల అయిపోతే మంచిది. డాక్టరు ఎందుకని అడిగితే నొప్పని చెప్పు. నువ్వు మాత్రం ఎందుకని అడక్కు.

ఇక్కడ కబుర్లు మంచివి కావు. మన వీధిలో దేముడు లేడూ, వాడి చిన్నకొడుకు జ్వరంతో పోయాడు. వాళ్ళ గుమ్మం వైపు చూడలేకపోతున్నాం. ఇంకో ఇద్దరు పిల్లలకి జ్వరం తగ్గడం లేదు. ఈమధ్య అత్త దగ్గర పాలు ఎవరూ పోయించుకోవడం లేదు. ఉన్న పాలన్నీ తోడుపెట్టి మజ్జిగ చేస్తుంటే తాగలేక నేనూ మీ అమ్మా చస్తున్నాం.

నీ నాటకం ఎంతవరకు వచ్చింది? వేషం దొరికిందా, లేక తెర లాగమన్నారా?

మజ్జిగలో మునిగిన
మీ నాన్న వైకుంఠరావు


అంకులి, గురువారం

ప్రియమైన నాన్నకి,

అడక్కు అన్నావు కాబట్టే అడుగుతున్నాను. అత్తకి ఏమైంది?

డాక్టరు అత్త నోరు తెరిపించి ఒక్కొక్క పన్నూ తట్టి చూశాడు. "ఈ పళ్ళతో ఇంకో ఇరవై ఏళ్ళు చెరుకు నమలచ్చు, ఎందుకు పీకాలి?" అన్నాడు. అత్త చేతులు జోడించి, "పీకీ బావూ, నా పల్లు, నా ఇష్టం" అంది. ఆయన నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను. ఆరోగ్యంగా ఉన్న పన్ను ముట్టుకోనని చెప్పి ఫీజు కూడా తీసుకోకుండా పంపించేశాడు. మెట్లు దిగుతూ అత్త ఏడ్చింది నాన్నా. పన్ను పీకనన్నందుకు ఏడ్చిన మనిషిని నేను ఎక్కడా చూడలేదు. ఇంటికి వచ్చాక జంతికలు కరకరా నమిలింది. నాకు నవ్వాలో భయపడాలో తెలియలేదు.

నాకు వేషం దొరికింది. మా సిలబస్‌లో ఉన్న పాత ఇంగ్లీషు నాటకాన్ని వెంకటరమణమూర్తి మాస్టారు తెలుగులోకి మార్చారు. కాలేజీ తెలుగు సంఘం వార్షికోత్సవానికి వేస్తున్నాం. ఎప్పుడో ఎక్కడో ఒక ఊళ్ళో పిల్లలకి జబ్బు చేస్తుంది. ఆడపిల్లలు కొందరు పూనకం వచ్చినట్టు ఊగిపోతూ, ఫలానా ఆవిడ మంత్రగత్తె అని వేలు చూపిస్తారు. ఆ వేలు చూపించే పిల్లల్లో నేనొకదాన్ని. తప్పు ఒప్పుకుని, తోడు ఇంకెవరున్నారో పేరు చెప్పిన వాళ్ళని వదిలేస్తారు. ఒప్పుకోని వాళ్ళకి ఉరి.

రాత్రి అన్నం తింటూ అత్తకి ఈ కథ చెప్పాను. తినడం ఆపేసింది.

"ఒప్పుకుంటే నిజంగా ఒగ్గేసినారా?" అంది.

"ఆఁ, ప్రాణాలతో వదిలేశారు."

"ఇంకొకల పేరు కూడా సెప్పాలా? సెప్పకపోతే?"

"చెప్పకపోతే ఒప్పుకున్నది అబద్ధమంటారు."

అత్త కంచం పక్కకి జరిపింది. "మీ సదువుల్లో ఇవన్నీ ఎందుకమ్మా?" అని వెళ్ళి పడుకుంది. ఇదంతా నొప్పి కాదు. నువ్వు నా దగ్గర ఏదో దాస్తున్నావు.

ఏమీ అర్థం కాని
చందన


ఊరి నుంచి, శనివారం

ప్రియమైన చందనకి,

నీ ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించలేదు. ఈశ్వర్ వ్యాను తీసేలోపు ఇది రాసి ఇవ్వాలి. చెప్పేస్తాను, గుండె దిటవు చేసుకో.

దేముడి కొడుకు పోయాక వాళ్ళు కొండకింద ఊరి నుంచి గుణియాని పిలిపించారు. మంత్రాలు వేసి జబ్బులు దించుతాడని వాడికి పేరు. వాడు బియ్యం గింజలు చల్లి చూసి, పాలు పోసే చేతిలో చిల్లంగి ఉందని, ఆ చేతబడే పిల్లాణ్ణి తీసుకుపోయిందని అన్నాడు. మన ఊళ్ళో పాలు పోసేది మా అక్క ఒక్కతే. పేరు చెప్పక్కర్లేకుండానే అందరికీ తెలిసిపోయింది. పోయిన పిల్లాడికి పుట్టినప్పటి నుంచి పాలు పోసింది అక్కే. దేముడు అక్క గుమ్మంలో నిలబడి, "నా గుంటడు నీకేటి సేసాడే?" అని గుండెలు బాదుకున్నాడు. వాణ్ణి తిట్టాలని కూడా అనిపించలేదు.

మన వైపు నమ్మకం నీకు తెలియదేమో. ముందు పళ్ళు పోతే చిల్లంగి మంత్రం నోట సరిగ్గా పలకదట, ఇంక ఆ మనిషి వల్ల ఎవరికీ హాని ఉండదట. అమావాస్య నాడు కళ్ళంలో అందర్నీ కూర్చోబెట్టి అక్క పళ్ళు ఊడగొడతారు. దేనితో అని అడగకు. అసిరయ్య చిన్నప్పటి స్నేహితుడు కాబట్టి దొడ్డిదారిన వచ్చి చెవిలో చెప్పాడు. "ఆలు కొట్టకముందే నువ్వే బరంపురం తీస్కెల్లి పీకించీరా. బోసినోటితో వస్తే ఎవులూ ముట్టుకోరు. ఆ పూచీ నాది" అన్నాడు.

ఇక్కడైతే రాయి. అక్కడైతే మత్తుసూది. ఈ రెండిట్లో మీ అత్తకి నేను ఏది ఎంచాలో నువ్వే చెప్పు. పోలీసులంటావు. పోలీసులు వస్తారు, వెళ్తారు. మర్నాడు పొద్దున్న బోరింగు దగ్గర బిందె పట్టుకుని నిలబడాల్సింది మేము. నీ నాటకంలో ఉరెక్కినవాళ్ళు గొప్పవాళ్ళే, కాదనను. నాకు మా అక్క బతికి ఉంటే చాలు. ఇంకో డాక్టర్ని వెతుకు తల్లీ.

నిద్ర పట్టని
నాన్న


అంకులి, సోమవారం

ప్రియమైన నాన్నకి,

నీ ఉత్తరం చదివి నీమీద ఎంత కోపం వచ్చిందో రాయలేను. అత్త చిల్లంగి మనిషి కాదని నీకు తెలుసు. తెలిసి కూడా పళ్ళు పీకించుకోమంటే ఊరంతా ఏమనుకుంటుంది? తప్పుంది కాబట్టే పీకించుకుందనుకోదా? ఒడిశాలో దీనికి చట్టం ఉంది, మనిషిని చిల్లంగి అనడమే నేరం. మాస్టారు ఛత్రపూర్ కలెక్టరాఫీసులో తెలిసినవాళ్ళున్నారన్నారు. వెళ్దాం అన్నాను. అత్త వద్దంటే వద్దంది. నువ్వు వద్దంటావని ముందే అంది.

ఇక్కడ జరిగింది కూడా విను. నిన్న గదిలో ఒక్కతే ఉంటే దిగులుపడుతుందని అత్తని రిహార్సల్‌కి తీసుకెళ్ళాను. వెనక వరసలో కూర్చోబెట్టాను. నా సీను వచ్చింది. ఊగిపోతూ, "అదిగో! ఆవిడే! నేను చూశాను!" అని హాలు వైపు వేలు చూపించి అరవాలి. ఎప్పుడూ నాకు గొంతు రాదు, మాస్టారు తిడుతుంటారు. నిన్న మాత్రం ఎక్కడి నుంచి వచ్చిందో, భయంకరంగా వచ్చింది. మాస్టారు చప్పట్లు కొట్టారు. నా వేలు చివర అత్త లేచి నిలబడి ఉంది నాన్నా. కొంగు తలమీదికి లాక్కుని, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను దిగి పరిగెత్తేసరికి లేదు. గదిలోనూ లేదు. సాయంత్రం ఆటో దిగింది, నోట్లో దూది కుక్కుకుని. బజార్లో ఎవరో డాక్టరు, ఎందుకు ఏమిటని అడగలేదట. పైవరస ముందు పళ్ళు లేవు. కాగితం పొట్లంలో పెట్టి పట్టుకొచ్చింది. నేను గట్టిగా పట్టుకుని ఏడిస్తే నా వీపు మీద చెయ్యి వేసి నిమిరింది.

నేను అరిచినందుకు వెళ్ళిందా, నువ్వు చెప్పినందుకు వెళ్ళిందా? వేషం వదిలేస్తానంటే మాస్టారు, "ఆ పిల్ల ఎందుకు అరుస్తుందో ఇప్పుడు తెలిసింది కదా, ఇప్పుడే వెయ్యాలి" అంటున్నారు. అరవకపోతే వేలు తనవైపు తిరుగుతుందని ఆ పిల్ల భయం. అంతవరకు అర్థమైంది. ఆ తర్వాత నాకు ఏదీ అర్థం కావడం లేదు. అత్త బతికితే నువ్వు చేసింది మంచేనా? నీమీద కోపం ఉంచుకోవాలా, తీసెయ్యాలా?

ఈ ఉత్తరం అత్త చేతికే ఇచ్చి పంపుతున్నాను. మెత్తటివి పెట్టండి.

నీ కూతురు
చందన


ఊరి నుంచి

చందనా,

అక్క చేరింది. గంజి తాగింది. పొట్లంలోవి ఎక్కడ పెట్టాలో తెలియక మీ అమ్మ పసుపు రాసి చూరులో దాచింది. రేపు అమావాస్య. ఫోను చెయ్యకు.

నాన్న


ఊరి నుంచి, శుక్రవారం

ప్రియమైన చందనకి,

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎందుకు జరిగిందో నన్నడక్కు, నాకే తల తిరుగుతోంది.

కళ్ళంలో అందరూ కూడారు. అక్క మధ్యలో నిలబడి కొంగు తీసి నోరు చూపించింది. ఎర్రగా వాచి ఉంది. ఒక్కొక్కరే చూసి తలలు దించుకున్నారు. దేముడు గట్టిగా ఏడ్చేశాడు. అసిరయ్య నావైపు చూసి, అయిపోయిందన్నట్టు తల ఊపాడు. నా తెలివిని నేనే మెచ్చుకున్నానే చందనా, ఆ ఒక్క నిమిషం.

అప్పుడు గుణియా అన్నాడు: "తనంతట తనే పీకించుకుందంటే ఒప్పుకున్నట్టే. ఇది ఒక్క మనిషి పని కాదు. తోడెవరో చెప్పాలి."

నువ్వు ముందే రాశావు. నేను చదివి కూడా, నాటకం కదా అనుకున్నాను.

అసిరయ్యే మెల్లగా దగ్గరికి వచ్చి, "దానమ్మ పేరు సెప్పీ అప్పా. అయిపోద్ది, ఇంటికెల్లిపోవచ్చు" అన్నాడు. దానమ్మ నీకు తెలుసు, ఊరి చివర ఒంటరిగా ఉంటుంది, నాట్లకీ కోతలకీ మన పొలంలోకి వస్తుంది. వెనకాల గంప మీద కూర్చుని ఉంది. ఆ మాట విని కొంగు తలమీదికి లాక్కుంది పాపం. సిగ్గు విడిచి రాస్తున్నాను, ఆ పేరు చెప్పేస్తే బాగుండునని నాకూ అనిపించింది.

అక్క నోరు తెరిచింది. గాలి పోతూ మాట సరిగ్గా రాలేదు కానీ అందరికీ వినపడింది.

"మా తమ్ముడు. వైకుంఠరావు."

మొదట ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. అందరూ నా నోటివైపు చూడటం మొదలుపెట్టారు. అలా చూస్తే ఎలా ఉంటుందో చెప్పలేను. నాలుక దానంతటదే వెళ్ళి పళ్ళు ఉన్నాయో లేవో తడుముకుంది.

ఇంటికి వచ్చి తలుపు వేసి, "ఎందుకక్కా? నీకు నేనేం అపకారం చేశాను?" అని అరిచాను. అక్క పీట మీద కూర్చుని మీ అమ్మ ఇచ్చిన గంజి ముందు తాగింది.

"ఒప్పుకున్నాక పేరడుగుతారని సందన నాకు ముందే సెప్పింది. వేనులో వస్తూ దారంతా అదే ఆలోసించినాను. దానమ్మ పేరు సెప్తే దానికెవలున్నారురా? సంపీసినా అడిగేటోడు లేడు. నీకైతే బరంపురంలో కూతురుంది. సదువుకుంది. అది ఊరుకోదు."

అక్క మళ్ళీ అంది, "నన్ను పీకించీమన్నావు కదా తమ్ముడూ. మత్తుసూదుంటాది, నొప్పుండదు అన్నావు. మరి నువ్వు పీకించుకుంతావా?"

ఆవిడ నామీద కక్ష తీర్చుకుందో, నన్ను నమ్ముకుందో నాకు తెలియదు. రెండూ అయి ఉండచ్చు. కోపం వస్తోంది, అక్క కాళ్ళు పట్టుకోవాలనీ ఉంది. నువ్వు ఇన్నాళ్ళూ అర్థం కావడం లేదని రాస్తుంటే చిన్నపిల్లవి అనుకున్నాను.

నాకు పున్నమి దాకా గడువిచ్చారు. పొద్దున్న అసిరయ్య దొడ్డిదారినే వచ్చి, డాక్టరు దగ్గర పీకించుకో, బోసినోటితో వస్తే ఎవరూ ముట్టుకోరు, పూచీ నాది అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నేను అక్కకి చెప్పినప్పుడు నా మనసూ అలాగే ఉంది.

ఇంక విను. రాత్రి నుంచి దానమ్మ మన ఇంట్లోనే పడుకుంటోంది. నేను రాసిన ఉత్తరాలన్నీ ఒడియాలోకి మార్చి రాయి. ఎవరు చదివినా నాకు ఇంక భయం లేదు. గుణియా పేరు, అసిరయ్య పేరు, అక్కని పంపిన నా పేరు, ఏదీ వదలకు. మాస్టారిని వెంటబెట్టుకుని సోమవారం పొద్దున్నకి ఛత్రపూర్ కలెక్టరాఫీసు దగ్గర ఉండు. నేనూ అక్కా దానమ్మా ఈశ్వర్ వ్యానులో వస్తాం. చూరులో దాచిన పొట్లం అక్క కొంగున కట్టుకుంది. నోరు తెరిచి చూపిస్తానంటోంది, ఎవరు అడిగినా.

వేషం మానకు. మేమొచ్చి ముందు వరసలో కూర్చుంటాం. నువ్వు ఎంత అరిచినా అక్క ఈసారి లేవదట.

నాకు మాత్రం పళ్ళ డాక్టర్ని వెతకొద్దు.

నీకోసం కాచుకుని ఉండే
నాన్న