గుండెలో పిట్ట

మామ్మా, ఈ ఉత్తరంలో తెలుగు భాషకు నేను చేయబోయే సకల ద్రోహాలకూ ముందుగా సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను. నువ్వు పోయి ఇవాళ్టికి ఆరేళ్లు. చదివి తిట్టలేవని ధైర్యం.

నేనిప్పుడు మూడు నెలలకో ఆసుపత్రి మారే నర్సుని. గుండెలోకి సన్నని తీగ పంపి, దారి తప్పిన కరెంటును వెతికి కాల్చే గదిలో పని. ప్రస్తుతం మన మలేషియాలోనే, సుంగై పెటాని ఊళ్లో ఉన్నాను.

ఈ ఉదయం బల్లమీద మన తెలుగు ముసలావిడ. డాక్టరు తీగతో దడ పుట్టించి, ఇంట్లో వచ్చేది ఇదేనా అని అడగమన్నాడు.

"అదే బాబూ, గుండెలో పిట్ట కొట్టుకుంతంది. ఇంట్లో సెప్తే నవ్వుతారు లా."

ఆ చివరి "లా" మనవాళ్ల మాటలకి అంటుకున్న మలయ్ తోక. నవ్వకుండా, ఉన్నదున్నట్టు డాక్టరుకు మలయ్‌లో చెప్పాను. డాక్టరు ఆ చోటు కాల్చాడు. కాసేపటికి ఆవిడ, "ఎగిరిపోనాది" అంది.

పోవడానికి వారం ముందు క్లినిక్కులో నువ్వూ ఈ గుండెలో పిట్ట మాటే అన్నావు. నీకు మలయ్ రాదని తర్జుమాకు నన్ను తీసుకెళ్లావు. నేను డాక్టరుతో, "నిన్న తిన్న కోడి ఇంకా లోపల ఎగురుతోందట" అన్నాను. ఆయన నవ్వి కడుపుబ్బరానికి మందు రాశాడు. మేమిద్దరం నవ్వుతున్నామని నువ్వూ నవ్వావు.