మా కుక్క పేరిట నమోదైన నా మెదడు అలలు

పశువుల ఆసుపత్రి పెద్ద డాక్టరు గారి సముఖమునకు

విషయం: కుక్క పేరిట నమోదైన యజమాని మెదడు అలలను రద్దు చేసి, సదరు కుక్కకు పాత మోతాదులోనే మందు ఇప్పించుట గురించి.

అయ్యా,

నేను బేకరీలో రాత్రి డ్యూటీ మీద రొట్టెలు కాల్చువాడను. మా కుక్క, ముద్దుపేరు దొరసాని, మూర్ఛరోగి. తమ మందు పుణ్యమా అని ఈ మధ్య పడిపోలేదు.

1. సదరు మందు మూర్ఛతో పాటు మెలకువను కూడా అణచును గనుక, తలకు తీగలు అంటించి మెదడు అలలు చూడవలెనని డాక్టరమ్మ గారు సెలవిచ్చారు. మందు చాలకపోతే అలలు ముళ్లలా లేచునట, ఎక్కువైతే బద్ధకముగా సాగునట. పరీక్షకు ముందు వేరే మత్తు ఇస్తే ఆ మత్తు అలలే కనబడును గనుక ఇవ్వరాదట. కుక్క మాత్రం కదలరాదట.

2. దొరసాని నా పక్కన తప్ప పడుకోదు. కావున టెక్నీషియన్ గారు "మీరూ ఎక్కండి బల్ల మీదకి" అన్నారు. ఎక్కితిని. దీపం తగ్గించారు. రాత్రంతా పొయ్యి ముందు నిలబడి వచ్చినవాడిని, తల వాల్చడం వరకే గుర్తు. దొరసాని తల విదిలించి తీగలు ఊడగొట్టినది కాబోలు. టెక్నీషియన్ గారు యంత్రం మీది నుండి చూపు తిప్పకుండా, చేతికి తగిలిన తలకు వాటిని తిరిగి అంటించారు. ఆ తల నాది.

3. ఫలితం: "అలలు మిక్కిలి బద్ధకము. మందు ఎక్కువైనది. సగానికి తగ్గించవలెను." ఇంటికి వెళ్లాక మా ఆవిడ "నెత్తిన ఆ జిగురేంటండీ?" అని అడిగేదాకా నాకు సంగతి తెలియదు. పరుగున వచ్చి మొరపెట్టుకోగా, టెక్నీషియన్ గారు "గురక కుక్కదే అనుకున్నానండీ. ఇప్పుడు రిపోర్టు మార్చాలంటే పెద్దసారు చెప్పాలి" అన్నారు. మందుల కిటికీ దగ్గర సగమే ఇస్తున్నారు.

అయ్యా, ఇంట్లో ఉన్న పాత మందు ఈ వారంతో సరి. ఇక్కడ నాకు ఆఫీసు భాష చాలడం లేదు. దొరసాని పడిపోయి లేచాక కాసేపు మమ్మల్ని గుర్తుపట్టదు. మా అమ్మాయి పిలిస్తే గుర్రుమంటుంది. తర్వాత గుర్తొచ్చి, తప్పు చేసినదానిలా మంచం కింద దూరుతుంది. మా అమ్మాయి కూడా ఏడుస్తూ దాని వెనకే దూరుతుంది. అది మళ్లీ చూడలేనండీ.

కావున నా నిద్రను చూసి దాని మందు కోయవద్దని, పరీక్ష మళ్లీ జరిపించి, ఆ సమయమున నన్ను గిల్లుటకు ఒక మనిషిని నియమించవలెనని నా ప్రార్థన. దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బల్ల మీది రెండవ ప్రాణి

తా.క.: బల్లకున్న తూకపు యంత్రం మా ఇద్దరినీ కలిపి తూచినందున, రిపోర్టు అడుగున "రోగి అతి స్థూలము, తిండి సగం చేయవలెను" అని కూడా ఉన్నది. "అలలు మీవైనప్పుడు సలహా కూడా మీదే కదండీ" అంటోంది మా ఆవిడ. నిన్నటి నుండి నా కంచంలో సగమే పడుతోంది. మిగతా సగం దొరసానికి పోతోంది. ఈ ఏర్పాటుపై దొరసానికి ఏ అభ్యంతరమూ లేదు.