యాభై ఏడు కిలోల నితీశ్

నాందేడ్, కుస్తీ తాలీం నుంచి

ప్రియమైన యామినక్కకు,

పోటీలయ్యేదాకా మా వస్తాద్ దిగంబర్ గారు ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు. అందుకే ఉత్తరం. జిల్లా కుస్తీ ఎంపిక వచ్చే వారమే. నా బరువు అరవై నాలుగు. ఆ బరువు తరగతిలో మన ఊరి దత్తు ఉన్నాడు, వాణ్ని పడగొట్టడం నా వల్ల కాదు. యాభై ఏడుకు దిగితే గెలుపు నాదే.

బస్టాండులో కొన్న చిన్న పుస్తకంలో ఉంది: ఆకలికి లొంగినవాడు ఎవరికైనా లొంగుతాడని. అన్నం మానేశాను. నీళ్ళు గుక్కెడే. మిట్టమధ్యాహ్నం రెయిన్‌కోటు తొడుక్కుని గోదావరి గట్టున పరుగెడుతున్నాను. అద్దంలో నా పక్కటెముకలు చూసుకుంటే ఒళ్ళు పులకరిస్తోంది. మనిషి తలుచుకుంటే ఇంత చేయగలడా అనిపిస్తోంది.

అమ్మకు చెప్పకు.

నీ మొండి తమ్ముడు,
నితీశ్

భోకర్

ప్రియమైన నితీశ్‌కు,

నీ అక్షరాలు వణికాయి. చివరి వరుసలు కిందికి జారిపోయాయి. మీ బావ చూసి, "గీ పోరడు బస్సుల కూసోని రాసిండా ఏంది?" అన్నారు. నాకు నవ్వు రాలేదు.

మన ఊరి జాతరలో ఎవరైనా తూకం వేస్తారా? పెద్దమనిషి ఇద్దరి భుజాలూ కంటితో చూసి, చేతులు కలిపి జోడీ కడతాడు. నిన్నూ దత్తునూ ఏటా అలాగే కట్టారు. ఓడినా వాడి కంచంలోనే తిని వచ్చేవాడివి. ఇప్పుడు వాడి నుంచి పారిపోవడానికి కడుపు మాడ్చుకుంటున్నావు. దానికి పెద్ద పేర్లు పెట్టకు. నీళ్ళు తాగు. వేళ్ళు కొంకర్లు పోతే డాక్టరు దగ్గరికి వెళ్ళు.

నీ జవాబు వచ్చేదాకా ముద్ద దిగని,
అక్క

నాందేడ్

ప్రియమైన అక్కకు,

పారిపోతున్నానా? ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే ఊరుకునేవాణ్ని కాను. కొంకర్లు వస్తున్నాయి. కొవ్వు కరిగేటప్పుడు వస్తాయి. మెట్లెక్కితే కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయి, గుండె ఒక్కోసారి కప్పలా ఎగిరి ఆగుతోంది. లోపలి మలినం పోతోందన్నమాట. దత్తు కూడా నీలాగే, "అరే, జర మజ్జిగన్న తాగురా" అని వెంటపడుతున్నాడు. భయపడ్డట్టున్నాడు.

రేపే తూకం. నువ్వు రాకు.

నితీశ్

నాందేడ్, ఆసుపత్రి

ప్రియమైన అక్కకు,

తూకంలో సరిగ్గా యాభై ఏడు వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. కాలు కిందికి దింపడం వరకే గుర్తుంది.

దత్తు నన్ను భుజాన వేసుకుని ఆటో ఎక్కించాడట. "నీ నంబరొచ్చిందిరా, యాడికి పోతున్నవ్?" అని వస్తాద్ అరిస్తే, "జోడీ కింద పడ్డంక నేనెవ్వనితోని ఆడాలె, వస్తాద్?" అన్నాడట. వాడి తూకం అలా పోయింది, దాంతో ఎంపికా పోయింది.

డాక్టర్ రూపాలి స్కాన్ తెర మీద నా గుండె చూపించారు. నీళ్ళతో పాటు ఒంట్లోని లవణాలూ పోయి లయ తప్పిందట. "పోయింది కొవ్వనుకుంటున్నవా? చాలామట్టుకు నీళ్ళు, కండ. గుండె గూడ కండనే కదా" అన్నారు. ఇప్పుడు తిండి కూడా ఒక్కసారిగా పెట్టకూడదట. గంజి చెంచాలతో పోస్తున్నారు.

అక్కా, తెర మీద నా గుండె పిడికిలంత ఉంది. లోపల తలుపుల్లాంటివి తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఒక్క ముద్ద వేయకుండా నేను ఎండలో పరుగెత్తించిన రోజుల్లో కూడా అది తడబడుతూనే పని చేసింది, మానలేదు. నా ఒంటికి నేనే రాజునని ఊరేగుతుంటే లోపల జరిగింది ఇదీ. ఏ పుస్తకంలోనూ నేనిది చదవలేదు.

పక్కకు చూస్తే, దత్తు చెప్పులు విడిచి తెర ముందు నిలబడి ఉన్నాడు.

నీ తమ్ముడు,
నితీశ్