గోడకు రాయవలసిన మందు

కొత్తపేట

చి.ల.సౌ. ప్రణవికి మేనత్త వెంకటరమణమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అంతా క్షేమమే అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. నా మనవరాలు ఒళ్ళంతా గోక్కుని రక్కేసుకుంటోంది. అమలాపురం డాక్టరుగారు ఎగ్జిమా అన్నారు, వీధిలోవాళ్ళు తామర అన్నారు. ఎవరేమన్నా పసిదానికి నిద్ర లేదు, దాన్ని చూసి కోడలు లలితకి తిండి లేదు.

ఇంకో మాట. ఉయ్యాల పక్క గోడలో దీపాలవేళకి గీరుతున్న చప్పుడవుతోంది. గోడ గీరితే పాప గోక్కుంటుంది. గోడ ఆగితే పాపా ఆగుతుంది. అబద్ధమైతే నా కళ్ళు పోతాయి.

నువ్వు ఎలుకలకి వైద్యం చేస్తావు కదా, ఏం చెయ్యమంటావు?

ఇట్లు, అత్తయ్య

తా.క. ఫోన్లో చెప్పకు. నాకు సగమే వినబడుతుంది, మిగతా సగం నేనే కలుపుకుంటాను.

హైదరాబాదు

పూజ్యురాలైన అత్తయ్యకి ప్రణవి నమస్కారాలు.

నేను చేసేది వైద్యం కాదు, పరిశోధన. చర్మమంటే గోడ అనుకోండి. ఇటుకలు, మధ్యలో సున్నం. మా ఎలుకలకి పుట్టుకతోనే ఆ సున్నం తక్కువ. తడి బయటికి పోతుంది, దుమ్మూ ధూళీ లోపలికొస్తాయి, దురద మొదలవుతుంది. పాపకీ అలాంటిదే. సగం ఎలుకలకి క్రీము రాస్తాం, సగానికి రాయం, తేడా చూడటానికి. రాయని గుంపు రోజంతా గోక్కుంటుంది. నాకే చూడబుద్ధి కాదు.

ఆ క్రీము పసిపిల్లలకి వాడేదే. పంపుతున్నాను, డాక్టరుగారికి చూపించండి. స్నానం చేయించి, తడి ఆరకముందే గోడకి దట్టంగా రాయాలి. రెండు పూటలా.

మీ ప్రణవి

తా.క. మీ ఇంట్లో చప్పుడు మామూలు ఎలుకలదే అయ్యుంటుంది. భయపడకండి.

కొత్తపేట

చి.ల.సౌ. ప్రణవిని అత్తయ్య దీవించి రాయునది.

నీ మాట జవదాటలేదు. బుధవారం పొద్దున్నే గోడకి కుంకుడుకాయ రసంతో తలంటి పోసేం. తడి ఆరకముందే క్రీము పూసేం. పైదాకా అందక తాపీమేస్త్రీ వీర్రాజుని పిలిస్తే, "గోడకి మందేంటండీ అమ్మగారూ? జొరమేవైనా వచ్చిందాండీ?" అన్నాడు. హైదరాబాదు మందుల చీటీ అన్నాను. "ఆయ్" అని నిచ్చెనెక్కేడు. రాస్తూ రాస్తూ ఒకచోట చెయ్యి వెనక్కి లాక్కుని, "ఇక్కడ ఒళ్ళులా వెచ్చగా ఉందండీ" అన్నాడు. కూలి కూడా అడక్కుండా వెళ్ళిపోయేడు.

ఆ సాయంత్రం చప్పుడు లేదు. పాప తెల్లవార్లూ నిద్రపోయింది. మచ్చలు మానుతున్నాయి. లలిత గోడకి దణ్ణం పెట్టుకుంది.

ఇట్లు, అత్తయ్య

తా.క. డబ్బా అయిపోయింది. గోడ పెద్దది, నువ్వు పంపింది చిన్నది.

హైదరాబాదు

అత్తయ్యకి నమస్కారాలు.

అయ్యో! గోడంటే పాప చర్మం అత్తయ్యా, మీ ఇంటి గోడ కాదు! ఇంకో డబ్బా పంపుతున్నాను, ఇది పాపకే రాయండి.

నవ్వుదామంటే నవ్వు రావట్లేదు. ఆ బుధవారం నుంచే మా రాయని గుంపు గోక్కోవడం మానేసింది. చర్మం నున్నబడింది. నేనే దొంగచాటుగా రాసేశానని మా సారు అనుమానం. సోమవారం కొత్త ఎలుకల్ని తెప్పిస్తున్నారు. ఈసారి వాటికి రాస్తే నన్ను పంపించేస్తానన్నారు.

మీ ప్రణవి

తా.క. ఆ ఎలుకల్ని పట్టుకుంటే కుంకుడుకాయ వాసన వేసింది. ఎవరికీ చెప్పలేదు.

కొత్తపేట

ప్రణవీ,

ఆశీస్సులు తర్వాత. పాపకి రెండు పూటలా రాస్తున్నాం, పనిలో పని గోడకీ రాస్తున్నాం. బాగానే ఉండేది, సోమవారం సాయంత్రం మళ్ళీ మొదలైంది. మోకాళ్ళ వెనక రక్తం. డాక్టరుగారు మందు మార్చేరు, తగ్గలేదు. ఈసారి గోడలో మాత్రం చప్పుడు లేదు. చెవి ఆనించి విన్నాను. అవతల కూడా ఎవరో చెవి ఆనించి వింటున్నట్టుంది.

నీ కొత్త ఎలుకలు వచ్చేయి కదూ? వాటినీ రెండు గుంపులుగా విడదీసేరు కదూ? నీ చదువు పాడవుతుందని తెలిసే అడుగుతున్నాను. వాటికి రాసెయ్యి తల్లీ. పిల్ల ఏడుపు వినలేకపోతున్నాను.

అత్తయ్య

తా.క. ఎలుకలకే రాయి. వాటి గూటి గోడలకి రాసేవు సుమా, మన వంశం కదా.

హైదరాబాదు

అత్తయ్యకి,

రాసేను. ఒక్కదాన్నీ వదల్లేదు. సారు చూసేరు, రేపటినుంచి రావద్దన్నారు. మూడేళ్ల పని పోయింది. ఏడ్చేను కూడా. రాస్తున్నంతసేపూ ఒక్క ఎలుకా చేతిలోంచి పారిపోలేదు. జోకొట్టినట్టు కళ్ళు మూసుకున్నాయి.

పాప పడుకుందా? ఆ ఒక్క ముక్క రాయండి చాలు.

మీ ప్రణవి

తా.క. నా చేతిలో డబ్బా లాక్కున్నప్పటినుంచి సారు మోచెయ్యి గోక్కుంటూనే ఉన్నారు. వాళ్ళింటి గోడకి చెవి ఆనించి చూడమని చెప్పనా, మాననా?